బ్రేకు మీద కాలు

ఇబ్రహీంపట్నం బస్టాండులో మధ్యాహ్నపు ట్రిప్పుకు బస్సు నిండుతుండగా, డ్రైవరు సీట్లో కూర్చున్న ఎల్లేశ్ తల వంచి తన కుడి పాదం ఎక్కడుందో చూసుకున్నాడు. బ్రేకు మీదే ఉంది. నల్ల బూటు, దుమ్ము పట్టిన లేసు, ఉండాల్సిన చోటే ఉన్నాయి. కానీ చూస్తే తప్ప ఆ సంగతి అతనికి తెలియలేదు. ఇదివరకు పాదమే చెప్పేది. పెడలు ఎంత లోపలికి పోయింది, బండి ఎంత బరువు మీద ఉంది, వానకు రోడ్డు జారుతోందా, అన్నీ అరికాలితోనే తెలిసేవి. కళ్లు రోడ్డు మీద ఉంటే చాలు. ఇప్పుడా బూటులో ఎవరిదో పాదం ఉన్నట్టుంది, ఎవరో తెచ్చి అతని మోకాలి కింద పెట్టి పోయినట్టు, చల్లగా, మొద్దుగా. ఎండాకాలం. ఎడమ పక్కన ఇంజను మూత సెగలు కక్కుతోంది. దాని మీద తువ్వాల పరుచుకుని కూర్చున్న ముసలామె అబ్బా అని లేచి మళ్లీ కూర్చుంటోంది. ఆ వేడి ఎడమ మోకాలికి తగులుతోంది, కుడి కాలు మాత్రం చలికాలంలోనే ఉండిపోయింది. వెనక కండక్టర్ లీదియా గొంతు వినిపిస్తోంది, జర లోపలికి జరుగున్రమ్మా, లోపల మస్తు జాగున్నది, ఆధార్ కార్డు చేతుల పట్టుకోండ్రి. ఆడవాళ్లకు టికెట్టు లేనప్పటి నుంచి బస్సెప్పుడూ ఇంతే, తలుపు దాకా మనుషులు. ఇంతమంది. ఆ మాట ఎక్కడ మొదలైందో అక్కడే ఆపేసి అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. పొద్దున సాక్సు తొడుక్కునేటప్పుడు చిటికెన వేలి పక్కన కందిగింజంత నల్లటి మచ్చ కనిపించింది. నొక్కి చూశాడు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే అతన్ని భయపెట్టింది. వంటింట్లోంచి భార్య భాగ్య, "టిఫిన్ డబ్బ సంచిల పెట్టిన, మర్సిపోకు" అని కేకేస్తే గబుక్కున సాక్సు పైకి లాగేశాడు. సాయంత్రం చెబుదామనుకున్నాడు. చెప్పనని అలా అనుకునేటప్పుడే తెలుసు.

మొదట్లో పిక్క పట్టేది, అంతే. డిపో గేటు దాటి చాయ్ హోటలు దాకా నడిచేలోగా ఎవరో లోపలి నుంచి పిడికిలి బిగించినట్టు పిక్క గట్టిపడేది. నిలబడితే వదిలేది. మళ్లీ నడిస్తే మళ్లీ. అందరి ముందు ఊరికే నిలబడితే బాగుండదని నిలబడటానికి సాకులు నేర్చుకున్నాడు. ఫోను తీసి చూసేవాడు, లేసు కట్టుకునేవాడు, గోడ మీద ప్లాట్ల వెంచరు బొమ్మలు చదివేవాడు. ఎవరో నవ్వుతున్న ఆడపిల్ల, వెనక పచ్చగడ్డి, తెల్ల ఇళ్లు. ఆ గోడ మీద ఆ అమ్మాయి పళ్లన్నీ అతనికి కంఠతా వచ్చాయి. నరాల బలహీనత అన్నాడు ఊళ్లో డాక్టరు, వరుసగా సూదులేశాడు. భాగ్య నువ్వుల నూనె కాచి రాసింది. సూదులతోనూ నూనెతోనూ ఏమీ తగ్గలేదు. పోయిన చలికాలంలో పాదం మంచు ముక్కలా ఉంటే వాకిట్లో కట్టెల మంట వేసుకుని కాలు దానికేసి చాపుకుని కూర్చున్నాడు. హాయిగా ఉందో లేదో తెలియలేదు గానీ ఏదో చేస్తున్నానన్న తృప్తి కలిగింది. ఏదో కమురు వాసన. ఏం కాలుతోందా అని మంటలోకి చూశాడు, కట్టెలు చూశాడు, తువ్వాల చూసుకున్నాడు, చివరికి చూస్తే తన మడమే. తోలు ఉబ్బి నీరు పట్టింది. భాగ్య బోరుమంది. అతను మాత్రం ఆ బొబ్బను వేలితో తాకి, ఇది నాది కాదు అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఆ పుండు మానడానికి చలికాలమంతా పట్టింది. మానింది గదా అని ధైర్యం చెప్పుకున్నాడు, మానిందంటే లోపల ఇంకా ఏదో పారుతున్నట్టే గదా.

"పోనీ అన్నా!" అంది లీదియా. ఎల్లేశ్ ఒకసారి కిందికి చూసి, పాదాన్ని తొడతో ఎత్తి యాక్సిలేటరు మీద పెట్టాడు. అవును, తొడతోనే. ఈ మధ్య మడమ ఆనించి వేళ్లు తిప్పడం మానేసి, కాలు మొత్తం బొమ్మ కాలులా ఎత్తి పెడుతున్నాడు. బస్సు బస్టాండు మలుపు తిరిగి సాగర్ రోడ్డెక్కింది. పుచ్చకాయల బండ్లు, సెల్‌ఫోన్ల దుకాణాలు, చెరుకు రసం మిషను గంటలు, ఎండకు తెల్లబడ్డ రోడ్డు. ఈ రోడ్డు అతనికి ఇంట్లో నడవలాంటిది. ఎక్కడ గుంత ఉందో, ఏ మలుపులో ఏ కుక్క పడుకుంటుందో తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ రోడ్డు మీదే, మంగల్‌పల్లి గేటు దగ్గర, అతని నాయన నారయ్య చెయ్యెత్తి బస్సాపాడు. రాళ్లు కొట్టే మనిషి. భుజం మీద సమ్మెట పెట్టుకుని క్వారీకి నడిచి పోయి నడిచి వచ్చేవాడు, బస్సెక్కడం ఎన్నడూ ఎరగడు. ఆ రోజు ఉతికిన ధోవతి కట్టుకుని ఎక్కాడు. కూర్చో తాతా అని కండక్టరన్నా కూర్చోలేదు. డ్రైవరు సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకుని పట్నం దాకా నిలబడ్డాడు, తిరిగొచ్చేటప్పుడూ నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అద్దంలో నాయన ముఖం సగమే కనిపించేది, నెరిసిన మీసం, దాని పైన, పట్టిన రాతిదుమ్ము ఎప్పటికీ వదలని చర్మం. దిగేటప్పుడు మాత్రం, "మంచిగ తోలుతున్నవ్ రా. కడుపుల సల్ల కదల్లే" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఎల్లేశ్ ఇంకెవరి మెప్పూ కోరుకోలేదు. బ్రేకు వేసినట్టు ఎవరికీ తెలియకుండా బ్రేకు వేయడం, అదే అతని గొప్ప. నిద్రపోతున్న పసిపిల్ల లేవకుండా బండి ఆపగలడు. ఆపగలిగేవాడు.

"డ్రైవర్! ఆపు, ఆపు! శేరిగూడ, శేరిగూడ!" వెనక నుంచి అరుపులు. ఎల్లేశ్ ఉలిక్కిపడి కాలు నొక్కాడు. బస్సు స్టాపు దాటి చాలా ముందుకు పోయి ఆగింది. కాలేజీ పిల్లలు బ్యాగులు పట్టుకుని పరుగెత్తుకొస్తూ అద్దంలో కనిపించారు. దిగేవాళ్లు తిట్టుకుంటూ దిగారు. బ్రేకు వేశాడు, వేసినట్టే అనుకున్నాడు, కానీ పాదం పెడలు అంచు మీద పడి ఖాళీలోకి జారింది. రెండోసారి చూసి వేస్తే పడింది. లీదియా జనంలోంచి తోసుకుంటూ ముందుకొచ్చి కడ్డీ పట్టుకుని నిలబడింది. హయత్‌నగర్ నుంచి రోజూ వచ్చే మనిషి, మాటలో కరుకు, మనసులో మెత్తన.

"నిద్రొస్తున్నదా అన్నా?"

"లేదక్కా. ముందల లారీ అడ్డమొచ్చింది."

"యాడున్నది లారీ?" అని ఆమె ఖాళీ రోడ్డును చూసింది. తర్వాత అతని కాళ్ల వైపు చూసింది. ఏదో అనబోయి, ఎక్కిన పిల్లలు పాసులు చూపిస్తుంటే అటు తిరిగింది. ఎల్లేశ్ గేరు మార్చాడు.

ఇంతకుముందు అలా కాళ్ల వైపు చూసిన మొదటి మనిషి అతని బిడ్డ స్తుతి. నర్సింగు చదువుతోంది, పట్నంలో హాస్టలు. ఒక ఆదివారం తల్లితో చర్చికి పోయొచ్చి, మంచం మీద పడుకున్న తండ్రి పక్కన కూర్చుని ఏదో కబురు చెబుతూ అతని పాదం మీద చెయ్యి వేసింది. "బాపూ, కాలు గింత సల్లగున్నదేంది?" అంది. తర్వాత మాట్లాడటం మానేసి పాదం పైభాగాన, బొటనవేలికి చీలమండకు నడుమ, రెండు వేళ్లు ఆనించింది. వేళ్లు కొంచెం పక్కకు జరిపింది. మళ్లీ జరిపింది. ఎడమ పాదం మీద పెట్టింది, పెట్టగానే ఆగింది, అక్కడ దొరికింది ఆమెకు కావాల్సింది. మళ్లీ కుడి పాదానికి వచ్చింది. తల వంచి, గోడ అవతల ఎవరో పిలుస్తుంటే చెవి ఒగ్గినట్టు, చాలాసేపు అలాగే ఉంది. ఎల్లేశ్ బిడ్డ ముఖాన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు మోకాలు దోక్కుపోతే ఏడవకుండా పెదవి లోపలికి మడిచేది. ఇప్పుడూ మడిచింది. "ఏమైందమ్మా?" అన్నాడు. "ఏం గాలె బాపూ. రేపు దవాఖానకు పోదాం, డాక్టరమ్మ ఒకసారి చూడాలె" అని లేచిపోయి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. కడుక్కుంటూనే ఉంది. నీళ్ల చప్పుడు ఆగలేదు. తన కాలిలో ఏదో లేదని అతనికి అప్పుడే తెలిసిపోయింది, ఏది లేదో తెలియదు గానీ.

పట్నం సర్కారు దవాఖానలో డాక్టరమ్మ పెన్నులాంటి ఒక పరికరం మీద జిగురు రాసి పాదానికి ఆనించింది. ఎడమ పాదంలోంచి హుష్షు హుష్షుమని చప్పుడొచ్చింది, తన గుండె కాలి దాకా దిగి పరుగెత్తుతున్నట్టు. కుడి పాదం మీద పెడితే స్టేషను దొరకని రేడియోలా గరగర. చేతికి కట్టినట్టే చీలమండకు పట్టీ కట్టి బీపీ చూసింది. చేతిలో ఉన్నదాంట్లో సగం కూడా కాలిలో లేదంది. "రక్తం తీసుకపోయే గొట్టాలు లోపల గార పట్టి సన్నబడ్డయి. నడిస్తే పిక్కకు రక్తం ఎక్కువ కావాలె, అందుతలేదు, అందుకే పడుతది. నిలబడితే తక్కువ చాలు, అందుకే వదులుతది. నరాల బలహీనత కాదు గిది." షుగరుందా అనడిగింది. ఉంది. బీడీ తాగుతావా అనడిగింది. ఎల్లేశ్ గోడ వైపు చూశాడు. "ఎప్పటి సంది?" అంటే, "మీసం రాకముందు సంది" అన్నాడు. ఆమె నవ్వలేదు. స్కానింగు రిపోర్టు వచ్చాక మళ్లీ పిలిచి, బొమ్మను వెలుతురుకు పట్టుకుని, మోకాలి కింద చూపించింది. మోకాలి దాకా ఏరులా తెల్లగా దిగిన గీత అక్కడ తెగి, పుల్లల్లా చీలి, ఎక్కడికీ చేరకుండా పోయింది. "వేరే గొట్టం తెచ్చి అతికిద్దమంటే అతికే జాగ దొరుకుతలేదు. గొట్టాన్ని వెడల్పు జేసే బెలూను లోపలికి పోదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలె. గోలీలు తప్పొద్దు, బీడీ బందు. రోజు నడువు. నొప్పొచ్చేదాక నడువు, ఆగు, తగ్గినంక మళ్లా నడువు, అట్ల నడిస్తే చిన్న చిన్న దారులు తెరుసుకుంటయి. ఇంట్ల గూడ చెప్పుల్లేకుండ తిరగకు. కాపడం పెట్టకు, మంట దగ్గరికి పోకు, నీకు కాలేది తెల్వదు. పుండైనా, నల్లబడ్డా, ఆ రోజే రావాలె." పుండైతే ఏం చేస్తారని అడిగాడు. అప్పుడు చూద్దాం అని ఆమె పెన్ను మూత పెట్టింది. తర్వాత, "ఏం పని చేస్తవ్?" అంది. ఎల్లేశ్ ఒక్క క్షణం ఆగి, "తోటల కావలుంట మేడం" అన్నాడు. పక్కన స్తుతి కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. తండ్రి వైపు తిరిగింది. ఆవరణ దాటాక అంది, "అబద్ధమెందుకు చెప్పినవ్ బాపూ?" అతను వంగి లేసు కట్టుకున్నాడు. డ్రైవరునని చెబితే సీట్లోంచి లేవమంటుంది. వేరే పని ఇస్తారు, స్టోర్సులోనో గేటు దగ్గరో. ఆకలితో చావడు. కానీ కడ్డీ పట్టుకుని నిలబడ్డ నారయ్య చూసింది గేటు దగ్గర కూర్చునే మనిషిని కాదు.

బస్సు మంగల్‌పల్లి దాటింది. కిటికీలోంచి వేడిగాలి ముఖాన కొట్టింది. ముందు పోతున్న ట్రాక్టరు మీద ఎవడో బీడీ కాలుస్తున్నాడు, ఆ పొగ తీగలా వచ్చి ముక్కుకు తగిలింది. ఎల్లేశ్ నోరు ఊరింది. దవాఖాన గేటు ముందే బీడీ కట్ట మోరీలో పారేశాడు. అప్పటి నుంచి ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు. చేతులు వణికాయి, అన్నం సయించలేదు, భాగ్య మీద ఊరికే అరిచాడు, ఏలకులు నమిలాడు, ముట్టలేదు. పొద్దున్నే పెద్ద చెరువు కట్ట మీద నడిచాడు. పిక్క పట్టేదాకా నడవడం, నిలబడి నీళ్ల వైపు చూడటం, వదిలాక మళ్లీ నడవడం. కొంతకాలం నిజంగానే దూరం పెరిగింది. ఒక రోజు ఇంటికొచ్చి, "కట్ట మీద సగం దాక పోయిన భాగ్యా" అని చెబితే ఆమె చేతిలో పిండి ఉండగానే దండం పెట్టుకుంది, ప్రభువా నీకు స్తోత్రం అని. ఆ రోజు ఇద్దరూ చాలా కాలానికి నవ్వుకున్నారు. తర్వాత ఆగిపోయింది. తర్వాత తగ్గడం మొదలైంది. సగం దాకా పోయినవాడు తూము దాకా, తూము దాకా పోయినవాడు మెట్ల దాకా. ఇప్పుడు పడుకున్నా నొప్పే. కాలు మంచం మీద పెడితే వేళ్లు మండుతాయి, కిందికి వేలాడేస్తే కొంచెం నయం. కిందికి వేలాడితే దానంతటది కొంచెం రక్తం దిగుతుందట, స్తుతి ఫోనులో చెప్పింది. అందుకే భాగ్య మంచం పక్కన పీట వేసి దాని మీద పాత చీర మడిచి పెట్టింది. చెప్పినవన్నీ చేశాడు గదా. అదే అతనికి అర్థం కాని సంగతి. చెప్పినవన్నీ చేస్తే బాగవుతుందని డాక్టరమ్మ అనలేదు, ఉన్నది ఉంటుందని మాత్రమే అంది. తనే బాగవుతుందని విన్నాడు. ఇప్పుడు ఉన్నది కూడా ఉండటం లేదు. మానేసిన బీడీలన్నీ ఎవరి కోసం మానేసినట్టు? చిటికెన వేలి పక్కన కందిగింజ. ఆ రోజే రావాలె అంది. ఆ రోజు అంటే ఈ రోజు.

బొంగ్లూరు గేటు. ఔటర్ రింగు రోడ్డు దిగిన కార్లు, సిమెంటు లారీలు, అన్నీ ఒక్కచోట చేరి కదలకుండా నిలబడ్డాయి. ఎల్లేశ్ దూరం నుంచే చూశాడు, కాలు ఎత్తాడు, బ్రేకు మీద పెట్టాడు. ముందు ఒక మోటారు సైకిలుంది. మగాయన తోలుతున్నాడు, వెనక ఆడమనిషి, ఆమె భుజం మీద వెనక్కి తిరిగి పడుకున్న పసిబిడ్డ. బిడ్డ తలకు పసుపు టోపీ. ఎల్లేశ్ బ్రేకు నొక్కాడు. ఇంజను గర్జించింది. బస్సు ఆగాల్సింది పోయి ముందుకు దూకింది. ఏం జరుగుతోందో అతని తల అందుకునే లోపల పసుపు టోపీ పెద్దదైంది, ఇంకా పెద్దదైంది, ముందు అద్దం నిండా అయ్యింది. ఇంకా గట్టిగా నొక్కాడు, అది బ్రేకని నమ్మి, బలమంతా పెట్టి. ఎడమ చెయ్యి దానంతటదే పోయి హ్యాండు బ్రేకు లాగింది. గాలి బుస్సుమంది. బస్సు నిలువునా ఊగి చచ్చినట్టు ఆగింది. వెనక మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు, గిన్నెలు దొర్లాయి, ఎవరో అమ్మో అన్నారు. బంపరుకు, ఆ ఆడమనిషి వీపుకు నడుమ ఒక మనిషి దూరే సందు లేదు. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. బిడ్డ మాత్రం ఎల్లేశ్ వైపే చూస్తోంది. చిన్న నోరు తెరిచి ఆవలించింది. ఎల్లేశ్ తల వంచి చూశాడు. బూటు యాక్సిలేటరు మీద ఉంది. అడుగు దాకా నొక్కి ఉంది. తను బ్రేకు అనుకున్నది, ప్రాణం పెట్టి నొక్కింది, అది.

"నీయవ్వ, ఏం తోలుడయ్యా గిది! సంపుతవా ఏంది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "నోరు ముయ్యి, ముందు బండి ఆగింది గదా" అని ఇంకెవరో. లీదియా ముందుకొచ్చింది. ఆమె నుదురు కడ్డీకి తగిలి ఎర్రబడింది. "అన్నా! ఏమైంది?" ఎల్లేశ్ రోడ్డు వైపే చూస్తున్నాడు. లారీ కదిలింది, మోటారు సైకిలు కదిలింది, పసుపు టోపీ కార్ల నడుమ ఊగుతూ చిన్నదై పోయింది. ఆ ముగ్గురూ ఏ ఊరికో పోతున్నారు. ఇంటికి పోయి బిడ్డకు పాలు పడతారు, ఎండను తిట్టుకుంటారు. బొంగ్లూరు గేటు దగ్గర తమకు ఏం జరగలేదో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. అది తెలిసిన మనిషి ఒక్కడే. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఎల్లేశ్ హ్యాండు బ్రేకు వదిలి మొదటి గేరులో బస్సును నడిపించాడు. ఎద్దులబండిలా, రోడ్డు అంచున, కాలు వైపు చూస్తూ, రోడ్డు వైపు చూస్తూ, మళ్లీ కాలు వైపు చూస్తూ. మన్నెగూడ దాకా అంతే. చెమట కళ్లలోకి కారింది. నాయన అద్దంలో లేడు, ఎక్కడా లేడు. నాయన సంగతి తలుచుకోవాలని కూడా అనిపించలేదు. బుర్రలో మాటలన్నీ ఆగిపోయి ఒక్క చప్పుడు మిగిలింది, స్టేషను దొరకని రేడియో గరగర. మన్నెగూడ చౌరస్తా దాటి స్టాపులో ఆపాడు. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. "పోనీ అన్నా" అంది లీదియా. ఎల్లేశ్ ఇంజను ఆపేశాడు. చాబీ తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

బస్సులో గొడవ మొదలైంది. ఏమైందట, బండి ఖరాబైందా, గీ ఎండల యాడ నిలబెడతవ్. ఎల్లేశ్ డిపోకు ఫోను చేశాడు. అవతల డ్యూటీలు చూసే ఆయన, బండి ఫెయిలా అనడిగాడు.

"బండి మంచిగనే ఉన్నది సార్. నా కుడికాలు పనిజేస్తలేదు."

"ఎప్పటి సంది ఎల్లేశ్?"

"మస్తు దినాలాయె సార్."

"మాకు చెప్పకపోతివి" అన్నాడాయన, కోపంగా కాదు. "చాబీ కండక్టర్‌కిచ్చి కిందికి దిగు. వెనక బండిల మనిషిని పంపుతున్న."

ఇంజను మూత మీది ముసలామె అంతా విన్నది. తువ్వాల దులుపుకుంటూ, "కాలు నొప్పా కొడుకా? ఆముదం రాసి కాపడం పెట్టు, పోతది" అంది. "అట్లనే పెద్దమ్మా" అన్నాడు ఎల్లేశ్. కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. లీదియా వెంట దిగింది. ఇద్దరూ బస్సు నీడలో నిలబడ్డారు. ఆమె చీర కొంగుతో నుదురు అద్దుకుంటూ, అతని వైపు చూడకుండా అంది, "నాకు తెల్సు అన్నా. శానా దినాల సంది తెల్సు. నువ్ కిందికి చూస్కుంట తోలుడు నేను చూస్తనే ఉన్న. వెనక నిలబడి దేవుని పేరు తల్సుకుంట టికెట్లు కొట్టిన. నోరు రాలె, నీ నోటికాడి బువ్వ తీసినట్టయితదని." ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "బిడ్డ తల్లికి తెల్వనే తెల్వదు, చూసినవా?" అంది. అంటే ఆమె కూడా పసుపు టోపీని చూసింది. తనొక్కడికే తెలుసనుకున్నాడు. ఎల్లేశ్ తల ఊపాడు. తనను క్షమించమని ఆమెతో చెప్పాలని అతనికి అనిపించింది. ఏ మాటతో చెప్పాలో తోచక, చాబీ ఆమె చేతిలో పెట్టాడు.

వెనక బస్సులో తిరుమల్ వచ్చాడు. కొత్త కుర్రవాడేం కాదు గానీ, ఎల్లేశ్ దగ్గరే రోడ్డు నేర్చుకున్నవాడు. "అన్నా, దవాఖానకు పోదామా? ఆటో పిలువాల్నా?" అన్నాడు. "నువ్ ట్రిప్పు చూస్కో. జనం ఎండల ఉన్నరు" అన్నాడు ఎల్లేశ్. తిరుమల్ ఎక్కి సీటు ముందుకు జరుపుకున్నాడు, అద్దం తన ఎత్తుకు వంచుకున్నాడు. అద్దం ఆ కోణంలో ఉండటం ఎల్లేశ్ ఎన్నడూ చూడలేదు. బస్సు కదిలింది. మెత్తగా, ఎవరినీ కుదపకుండా. బాగా తోలుతాడు తిరుమల్. వెనక తలుపు దగ్గర లీదియా చెయ్యి ఊపిందో, జనాన్ని లోపలికి జరగమందో తెలియలేదు. ఎల్లేశ్ ఫోను తీసి స్తుతి పేరు దాకా పోయి ఆగాడు. మచ్చ ఉందంటే ఆ పిల్ల ఏం చేస్తుందో తెలుసు, పెదవి మడిచి బస్సెక్కి వస్తుంది. వచ్చినా కాలు రాదు. భాగ్యకు చేశాడు.

"ఇంటికొస్తున్న."

"గిప్పుడా? డ్యూటీ?"

"అయిపోయింది."

ఆమెకు అర్థం కాలేదు. "పెరుగు తోడేసిన. అన్నం పెట్టాల్నా?" అంది. "పెట్టు" అన్నాడు.

ఇబ్రహీంపట్నం పోయే బస్సు అవతలి వైపు ఆగుతుంది. రోడ్డు దాటాలి. ఎల్లేశ్ బండ్ల సందు చూసుకుని కాలు కదిపాడు. ఎన్ని వేలసార్లు ఈ రోడ్డును పైనుంచి, అద్దంలోంచి చూశాడు, ఇంత వెడల్పుందని ఎన్నడూ అనిపించలేదు. కారొకటి బ్రేకు వేసి అతని కోసం ఆగింది, అతను తొందరపడ్డాడు, పిక్కలో పిడికిలి బిగిసింది. ఇంకా బిగిసింది. రోడ్డు నడుమ గట్టు దాకా ఎలాగో చేరి, ఎండిన మొక్కల పక్కన ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాడు. అటు సగం, ఇటు సగం. నిలబడితే తగ్గుతుంది. తగ్గాక దాటొచ్చు. ఎండ నెత్తిన ఉంది, బూటులో పాదం చల్లగా ఉంది. ముందూ వెనకా బండ్లు గాలి కొడుతూ పోతున్నాయి. పట్నం వైపు నుంచి ఇబ్రహీంపట్నం బస్సు వచ్చింది. తోలుతున్నది బాలనర్సింహ, పాత స్నేహితుడు. ఖాకీ బట్టల్లో గట్టు మీద నిలబడ్డ ఎల్లేశ్‌ను చూసి, డ్యూటీ మీద ఏదో పని చూస్తున్నాడనుకున్నాడేమో, రెండు పొట్టి హారన్లు కొట్టి కిటికీలోంచి చెయ్యెత్తాడు. ఎల్లేశ్ కూడా చెయ్యెత్తాడు. బస్సు స్టాపులో ఆగింది, మనుషులను దింపింది, ఎక్కించుకుంది, కాసేపు ఎవరి కోసమో చూసినట్టు నిలబడి కదిలిపోయింది. ఎల్లేశ్ ఎత్తిన చెయ్యి దించి మళ్లీ కంచె పట్టుకున్నాడు. పిక్క ఇంకా వదల్లేదు.